రోమన్ వెండి నాణేల సేకరణ: పన్నెండు మంది పాలకుల వరుసా, వెండి పాళ్ళ వరుసా?

మొదటిమెట్టు (బర్మింగ్‌హామ్)

సభ్యులందరికీ నమస్కారం. నిజాం కాలపు హాలీ సిక్కాలు, కంపెనీ రూపాయలు సేకరించడం నాకు చాలాకాలంగా అలవాటు. ఉద్యోగరీత్యా ఇంగ్లాండులో ఉంటున్నందువల్ల ఇక్కడి నాణేల ప్రదర్శనల్లో డెనారియస్‌లనే రోమన్ వెండి నాణేలను చేతిలోకి తీసుకుని చూసే అవకాశం దొరుకుతోంది. వాటి మీద ఆసక్తి రోజురోజుకూ పెరుగుతోంది. జూలియస్ సీజర్ నుంచి డొమిషియన్ వరకు పన్నెండు మంది పాలకుల నాణేలను ఒక్కొక్కటిగా కూర్చుకోవడమే సరైన ప్రారంభమని ఇక్కడి మిత్రులు చెబుతున్నారు. అయితే ఆ వరుసలో కాలిగులా వెండి నాణేలు, మూడు నెలలు మాత్రమే ఏలిన ఓథో నాణేలు నా స్తోమతకు అందేలా లేవు. పరిమితమైన ఖర్చుతో, చదువుకోవడానికి పనికివచ్చే సేకరణను ఎక్కడ మొదలుపెట్టాలి? నకిలీలను గుర్తించడం గురించి, నాణేలను భద్రపరచడం గురించి కూడా అనుభవజ్ఞులు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

టంకశాల (హైదరాబాద్)

మొదటిమెట్టు గారూ, పన్నెండు మంది వరుసను నేను తప్పుపట్టను గానీ, అందులో చేరేది ఎక్కువగా పేర్లే. రోమన్ వెండిని అర్థం చేసుకోవాలంటే దాని మేలిమి ఎలా పడిపోతూ వచ్చిందో చూపే వరుసను కూర్చుకోవడం మంచిదని నా గట్టి అభిప్రాయం. ఆ వరుసకు అరుదైన నాణేలు అక్కరలేదు.

డెనారియస్ పుట్టింది క్రీ.పూ. 211 ప్రాంతంలో, కార్తేజ్ సేనాని హన్నిబాల్‌తో యుద్ధం జరుగుతున్న రోజుల్లో. కొంతకాలానికే దాని తూకం ఒక రోమన్ పౌను (అప్పటి తూకపు కొలత) వెండికి 84 నాణేల లెక్కన, అంటే దాదాపు 3.9 గ్రాముల దగ్గర స్థిరపడింది. ఆగస్టస్, టైబీరియస్ కాలాల్లో అది ఇంచుమించు స్వచ్ఛమైన వెండి. క్రీ.శ. 64లో నీరో పౌనుకు 96 నాణేలు కొట్టించి తూకం తగ్గించడమే కాక, వెండిలో రాగి పాలు కూడా పెంచాడు. డొమిషియన్ 82లో మళ్ళీ మేలిమి పెంచినా ఆ ముచ్చట మూడేళ్ళకే ముగిసింది. సెప్టిమియస్ సెవెరస్ నాటికి వెండి సుమారు సగానికి దిగింది. అతని కుమారుడు కారకల్లా 215లో తలపై సూర్యకిరణాల కిరీటంతో ఒక కొత్త నాణేన్ని తెచ్చాడు. నేటి పండితులు దానిని ఆంటోనినియానస్ అంటారు. అది రెండు డెనారియస్‌లకు సమానమని ఎక్కువమంది భావిస్తారు గానీ, దాని తూకం ఒకటిన్నర డెనారియస్‌లను మించదు. 260ల చివరికి వచ్చేసరికి ఆ నాణెంలో వెండి అయిదు శాతం కూడా లేదు. పైన పలుచని తెల్లటి పొర, లోపలంతా రాగి. డయోక్లెటియన్ 294 ప్రాంతంలో పౌనుకు 96 లెక్కన మేలైన వెండి నాణేన్ని మళ్ళీ కొట్టించి, కొన్నింటి మీద ఆ సంఖ్యనే చెక్కించాడు. పడిపోయిన నమ్మకాన్ని నిలబెట్టడానికి తూకాన్నే నాణెం మీద ప్రకటించవలసి వచ్చిందన్నమాట.

కాబట్టి గణతంత్ర కాలపు డెనారియస్ ఒకటి, వెస్పాసియన్‌ది ఒకటి, ట్రాజన్ లేదా హాడ్రియన్‌ది ఒకటి, సెవెరస్ భార్య జూలియా డొమ్నాది ఒకటి, మూడవ గోర్డియన్ ఆంటోనినియానస్ ఒకటి, గాలియెనస్ చివరి రోజుల నాణెం ఒకటి తీసుకోండి. నీరోది ఖరీదు ఎక్కువ, తరువాతికి వాయిదా వేయవచ్చు. వీటిని వరుసగా పేర్చి పగటి వెలుగులో చూస్తే తెలుపు బూడిద రంగులోకి, బూడిద రంగు రాగి రంగులోకి జారుతూ పోవడం కంటికి కనిపిస్తుంది.

బొమ్మాబొరుసు (మచిలీపట్నం)

టంకశాల గారి పాండిత్యం మీద గౌరవంతోనే విభేదిస్తున్నాను. వెండి పాళ్ళు పుస్తకంలో చదివినా తెలుస్తాయి. బొమ్మ, బొరుసు మాత్రం నాణెం చేతిలో ఉంటేనే తెలుస్తాయి. వెస్పాసియన్ బట్టతలను, లావాటి మెడను, ముడతలను చెక్కినవాడు రాజును పొగడాలనే తపన లేకుండా చెక్కాడు. నీరో తొలి నాణేల్లో సన్నగా ఉన్న కుర్రవాడు చివరి నాణేలకు వచ్చేసరికి మెడ కొవ్వెక్కి కనిపిస్తాడు. హాడ్రియన్‌తో చక్రవర్తుల ముఖాలకు నిండు గడ్డం వచ్చింది. జూలియా డొమ్నా జుట్టు అలలను పాయలు పాయలుగా చెక్కిన అచ్చుపనివాడి చేయి ఎంత స్థిరమైనదో పది రెట్లు పెద్దది చేసి చూసే భూతద్దం కింద చూడండి.

బొరుసు వైపు మరీ గొప్ప విషయం. వార్తాపత్రికలు లేని కాలంలో రాజ్యం తన మాట చెప్పడానికి వాడుకున్న చోటు అది. యెరూషలేము పతనం తరువాత వెస్పాసియన్ కొట్టించిన డెనారియస్ మీద విజయచిహ్నం కింద ఏడుస్తూ కూర్చున్న యూదయ స్త్రీ కనిపిస్తుంది. హాడ్రియన్ తాను తిరిగిన ఈజిప్టు, ఆఫ్రికా, స్పెయిన్ వంటి ప్రాంతాలను ఒక్కొక్క స్త్రీమూర్తిగా వరుసగా ముద్రింపించాడు. మొదటిమెట్టు గారూ, మీకు ఏ కథ నచ్చుతుందో ఆ కథ ఉన్న బొరుసుతో మొదలుపెట్టండి. మేలిమి సంగతి దానితో పాటే వస్తుంది.

మొదటిమెట్టు

ఇద్దరికీ ధన్యవాదాలు. ఒక సందేహం. వెండి పాళ్ళ వరుస కూర్చుకున్నప్పుడు, నా చేతిలోని నాణెంలో వెండి ఎంతో నిజంగా తెలుసుకునే మార్గం ఉందా? హైదరాబాద్ వచ్చినప్పుడు నగల హాల్‌మార్కింగ్ కేంద్రంలో ఎక్స్‌రే యంత్రం కింద పెట్టించవచ్చా?

గీటురాయి (విజయవాడ)

మా ఇంట్లో తరతరాలుగా వెండి, బంగారం పని చేస్తున్నాము కాబట్టి ఈ ప్రశ్నకు నేను జవాబు చెబుతాను. ఆ యంత్రం మీ నాణేన్ని పాడుచేయదు గానీ, అది చెప్పే అంకెను నమ్మకండి. ఎక్స్‌రే కిరణం చూసేది పైపొరను మాత్రమే. రాగి కలిసిన వెండి బిళ్ళను కాల్చినప్పుడు పైన ఉన్న రాగి నల్లబడుతుంది, దానిని పుల్లటి ద్రావణంలో వేస్తే ఆ రాగి కరిగిపోయి పైన స్వచ్ఛమైన వెండి పొర మిగులుతుంది. వెండి వస్తువును తెల్లబరచడానికి మేము ఇప్పటికీ చేసే పని ఇదే. రోమన్ టంకశాలల్లో కూడా ముద్ర వేయడానికి ముందు బిళ్ళలను ఇలాగే తెల్లబరిచారు. ఆ తరువాత వందల ఏళ్ళు మట్టిలో ఉన్నప్పుడు పైపొరలోని రాగి ఇంకా కరిగిపోతుంది. అందువల్ల లోపల సగమే వెండి ఉన్న సెవెరస్ నాణెం కూడా యంత్రం కింద చాలా మేలిమిగా కనిపించవచ్చు. ఇటీవలి పరిశోధకులు అంచున సన్నని రంధ్రం చేసి, లోపలి లోహాన్ని తీసి పరీక్షించినందువల్లనే నీరో 64లో మేలిమిని మొదట 80 శాతానికి దింపాడనీ, చివరి రోజుల్లో మళ్ళీ 90 దాకా తెచ్చాడనీ తేలింది. మన సొంత నాణేనికి మనం రంధ్రం చేయలేము కదా. తూకం చూడండి, ప్రచురితమైన ఫలితాలతో పోల్చుకోండి, అక్కడితో ఆగండి.

ఇంకో రెండు మాటలు. దయచేసి ఏ కొట్టులోనూ ఈ నాణేన్ని గీటురాయి మీద గీయనివ్వకండి. పాత రూపాయిని బండ మీద వేసి ఖంగుమని మోగుతుందా లేదా అని చూసే అలవాటు మన పెద్దలకు ఉండేది. రెండు వేల ఏళ్ళ నాటి వెండి లోపల పలుకులు కట్టి పెళుసుబారి ఉంటుంది, కింద పడితే రెండు ముక్కలు కావచ్చు. విరిగిన అంచు పటికబెల్లం ముక్కలా మెరుస్తూ కనిపిస్తుంది.

టంకశాల

గీటురాయి గారు చెప్పినది అక్షరాలా నిజం. దీనికి అనుబంధంగా నకిలీల గురించి చెబుతాను.

ముందుగా పాత నకిలీలు. రోమన్ కాలంలోనే రాగి బిళ్ళకు వెండి రేకు చుట్టి ముద్రవేసిన నాణేలు ఉన్నాయి. పూత పగిలిన చోట ఆకుపచ్చని రాగి కనిపిస్తుంది, తూకం తరచుగా మూడు గ్రాములకు అటూఇటూగా ఉంటుంది. వాటిని తెలిసి కొనుక్కోవడంలో తప్పులేదు, అవి కూడా చరిత్రే. గణతంత్ర కాలపు కొన్ని డెనారియస్‌ల అంచును రంపపు పళ్ళలా కోశారు. లోపల రాగి లేదని చూపడానికే అలా కోశారని కొందరు అంటారు గానీ, కోసిన అంచుతోనే వెండి పూత వేసిన నాణేలు కూడా దొరికాయి కాబట్టి ఆ వాదన నిలవదు. జర్మన్ తెగలు అటువంటి అంచు గల పాత నాణేలనే ఇష్టపడేవారని రోమన్ చరిత్రకారుడు టాసిటస్ రాశాడు.

భయపడవలసింది ఇప్పటి నకిలీలకు. పోతపోసిన నకిలీని అంచు పట్టిస్తుంది. రెండు సగాలు కలిసిన గీత, లేదా ఆ గీతను ఆకురాయితో అరగదీసిన జాడ ఉంటుంది. అక్షరాల మూలలు సబ్బు అరిగినట్టు మొద్దుబారి ఉంటాయి, బొమ్మ చుట్టూ ఉన్న చదును భాగంలో గాలి బుడగల గుంటలు కనిపిస్తాయి. నిజంగా సుత్తితో కొట్టిన నాణెంలో లోహం అంచు వైపు పారిన సన్నని చారలు అక్షరాల దగ్గర కనిపించాలి. అసలు నాణెం నుంచి అచ్చు తీసి యంత్రంతో ఒత్తిన నకిలీలు ఇంతకంటే ప్రమాదకరం. వాటిని ఒంటరిగా చూస్తే పట్టుకోవడం కష్టం. ఒకే గీత, ఒకే గుంట, ఒకే చోట అరుగుదల రెండు వేర్వేరు నాణేల మీద కనబడితే రెండింటినీ వదిలేయండి. చేతులు మారుతూ అరిగిన నాణేలు రెండు ఒకే విధంగా అరగడం జరగని పని. అమెరికన్ నమిస్మాటిక్ సొసైటీ వారి ఓక్రే అనే ఉచిత జాలస్థలంలో చక్రవర్తుల కాలపు నాణేలు రకాల వారీగా, చాలావరకు చిత్రాలతో ఉన్నాయి. కొనే ముందు అదే రకం నాణేలను అక్కడ కనీసం ఒక గంట చూడండి.

పానగల్లు (నల్గొండ)

ఈ చర్చలో మన నేల ప్రస్తావన రాలేదు కాబట్టి రాస్తున్నాను. మా నల్గొండ జిల్లా అక్కెనపల్లిలో 1500కు పైగా డెనారియస్‌లు ఒకే రాశిగా దొరికాయి. అవి ఆగస్టస్, టైబీరియస్ నాణేలు. భారతదేశంలో దొరికిన రోమన్ వెండిలో రెండే రకాలు మళ్ళీ మళ్ళీ కనిపిస్తాయి. ఒకటి, ఆగస్టస్ బొమ్మకు వెనుక అతని మనుమలు గయస్, లూసియస్ డాళ్ళు, ఈటెలు పట్టుకుని నిలబడినది. రెండవది, టైబీరియస్ బొమ్మకు వెనుక ఒక స్త్రీ చేతిలో కొమ్మతో పీఠం మీద కూర్చున్నది. రెండూ ఇప్పటి ఫ్రాన్సులోని లియోన్ నగరపు టంకశాలలో కొట్టినవే. బైబిల్లో యేసుకు చూపించిన పన్ను నాణెం ఈ టైబీరియస్ రకమేనన్న నమ్మకం ఉన్నందువల్ల పాశ్చాత్య విపణిలో దాని ధర అసలు లభ్యతకు మించి ఉంటుంది.

టంకశాల గారు చెప్పిన మేలిమి కథకు ఇక్కడే సాక్ష్యం ఉంది. నీరో తగ్గించిన తరువాతి డెనారియస్‌లు మన రాశుల్లో చాలా అరుదు. మన వర్తకులు చక్రవర్తి ముఖం చూసి కాక వెండి చూసి పుచ్చుకున్నారు. క్లాడియస్ కాలంలో గాలివాటాన సింహళానికి కొట్టుకుపోయిన ఒక రోమన్ వద్ద ఉన్న డెనారియస్‌లను అక్కడి రాజు చూసి, వేర్వేరు పాలకుల బొమ్మలు ఉన్నా తూకం ఒక్కటిగానే ఉన్నందుకు రోమన్ల నిజాయితీని మెచ్చుకున్నాడని ఆనాటి రోమన్ రచయిత ప్లినీ రాశాడు. ఏటా ఐదు కోట్ల సెస్టర్షియస్‌లు, అంటే కోటీ ఇరవై ఐదు లక్షల డెనారియస్‌ల విలువ భారతదేశానికి పోతోందని బాధపడినవాడూ అతనే. భరుకచ్ఛంలో (ఇప్పటి గుజరాత్‌లోని భరూచ్ రేవులో) రోమన్ బంగారు, వెండి నాణేలను స్థానిక నాణేలతో మార్చుకుంటే లాభం ఉందని ఆనాటి గ్రీకు నావికుల మార్గదర్శి చెబుతుంది.

కృష్ణాతీరం (గుంటూరు)

పానగల్లు గారి సందేశం చదివాక ఒక విషయం అడగాలనిపించింది. పొలం దున్నుతుంటే దొరికిందంటూ ఒక టైబీరియస్ డెనారియస్ చిత్రాన్ని తెలిసినవారు నాకు పంపించారు. మనం కొనకపోతే అది కరిగించే మూసలోకి పోతుందన్నది నా బాధ. సేకర్త చేతిలో ఉంటే కనీసం బతికి ఉంటుంది కదా?

పానగల్లు

మీ బాధ నాకు అర్థమవుతోంది, అయినా కొనవద్దనే చెబుతాను. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం పది రూపాయల విలువ మించిన నిధి భూమిలో దొరికితే కలెక్టరుకు తెలియజేయాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన నాణెం పురావస్తువు, దానిని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. చట్టం ఒక ఎత్తు, పోయే సమాచారం ఇంకొక ఎత్తు. ఆ ఒక్క నాణెం ఏ కుండలో ఉంది, పక్కన శాతవాహన నాణేలు ఉన్నాయా, ఎన్ని ఉన్నాయి అన్నది తెలిస్తేనే మన ఊళ్ళకు, లియోన్‌కు మధ్య ఏ దారిన వెండి నడిచిందో తెలుస్తుంది. చేతులు మారిన మరుక్షణం అది ఏ ఊరిదీ కాని టైబీరియస్ నాణెంగా మిగులుతుంది.

బొమ్మాబొరుసు

ఇక్కడ కృష్ణాతీరం గారి వైపు కూడా కొంత న్యాయం ఉంది. ఆ 1878 చట్టంలో ప్రభుత్వం నిధిని తీసుకుంటే చెల్లించేది లోహపు విలువ, దాని మీద అయిదో వంతు. వెండి డెనారియస్‌కు ఆ లెక్కన ఎంత వస్తుందో చూడండి! రైతు ఎందుకు చెబుతాడు? బ్రిటన్‌లో 1992లో హాక్స్‌నె గ్రామంలో పోయిన సుత్తి కోసం వెతుకుతుండగా 14 వేలకు పైగా వెండి నాణేలు బయటపడ్డాయి. దొరికినవాడు ఎక్కువ తవ్వకుండా అధికారులకు చెప్పాడు, పురావస్తు నిపుణులు పేటికను పొరలు పొరలుగా తీశారు, నిధికి విపణి ధర ప్రకారం 17.5 లక్షల పౌన్లు చెల్లించారు. 1996 చట్టం వచ్చాక అక్కడ ఆ పద్ధతి మరింత స్థిరపడింది. మన చట్టంలో ఆ ఒక్క నిబంధన మారితే మూసలోకి పోయే వెండి చాలావరకు ఆగుతుంది. అంతవరకు మాత్రం పానగల్లు గారి మాటే సరైనది. మనం కొనడం మొదలుపెడితే తవ్వేవారు పెరుగుతారు.

కృష్ణాతీరం

వివరంగా చెప్పినందుకు కృతజ్ఞతలు. కొనను. కలెక్టరు కార్యాలయానికి తెలియజేయమని వారికి చెబుతాను, రాతకోతల్లో సహాయం కూడా చేస్తాను.

గీటురాయి

మొదటిమెట్టు గారు భద్రపరచడం గురించి అడిగారు. ఇంట్లో వెండి కంచాలకు చేసినట్టు చింతపండుతోనో విభూదితోనో తోమకండి. పూజ సామగ్రికి అది సరిపోతుంది గానీ, నాణెం మీద వందల ఏళ్ళుగా ఏర్పడిన నలుపు ఒకసారి పోతే తిరిగి రాదు, విభూది గీతలు శాశ్వతంగా మిగులుతాయి. మట్టి ఉంటే స్వేదనజలంలో నానబెట్టండి, జిడ్డు ఉంటే అసిటోన్‌లో ముంచి తీయండి, తుడవకుండా ఆరనివ్వండి. ఊదారంగు కలిసిన బూడిద పొర గట్టిగా పట్టుకుని ఉంటే అది వెండి క్లోరైడు. దాని జోలికి పోకండి, నిపుణులకు వదిలేయండి. మెత్తని పీవీసీ సంచుల్లో పెడితే ఆకుపచ్చని జిగురు కారుతుంది, గట్టి మైలార్ సంచులు వాడండి. రబ్బరు బ్యాండ్లు, ఉన్ని గుడ్డలు గంధకం వదులుతాయి కాబట్టి దగ్గర ఉంచకండి. మచిలీపట్నం వంటి తీరప్రాంతాల్లో ఉన్నవారు బీరువాలో సిలికా జెల్ పొట్లం తప్పక పెట్టాలి.

మొదటిమెట్టు

అందరి సలహాలూ రాసిపెట్టుకున్నాను. రెండు వరుసల్లో ఏదో ఒకటే ఎంచుకోనక్కరలేదని అనిపిస్తోంది. మేలిమి వరుసలోకి మంచి బొరుసు ఉన్న నాణేలనే తీసుకుంటాను. గణతంత్రం చివరి రోజులకు ప్రతినిధిగా రోమన్ సేనాని మార్క్ ఆంటోనీ సైనిక దళాల డెనారియస్ ఒకటి వేలంలో కనబడింది. ఒకవైపు ఓడ, మరొకవైపు రెండు ధ్వజాల మధ్య గద్ద. బాగా అరిగింది. ఆరవ దళం అని విక్రేత రాశారు, 1980ల నాటి సేకరణ చీటీ కూడా ఉందట. చిత్రం జతచేశాను. తీసుకోవచ్చా?

టంకశాల

మంచి ఎంపిక. తరువాత ఆగస్టస్ అయిన ఆక్టేవియన్‌తో తలపడిన ఆక్టియం యుద్ధానికి ముందు క్రీ.పూ. 32-31లో ఓడలతో, సైన్యంతో కదులుతూ ఆంటోనీ కొట్టించిన నాణేలు ఇవి. ఇతర డెనారియస్‌ల కంటే వీటిలో వెండి కొంత తక్కువ. ఆంటోనీ వీటిలో ఇనుము కలిపాడని ప్లినీ అన్నాడు గానీ, లోహపరీక్షల్లో కనిపించేది రాగి. మేలైన వెండిని జనం దాచుకుని దీనిని ఖర్చు పెట్టారు కాబట్టి, ఇది రెండు వందల ఏళ్ళకు పైగా చెలామణిలో ఉండి ఇలా అరిగిపోయింది. మీ వరుసకు అరుగుదల లోపం కాదు. పాత చీటీ ఉండడం చాలా మంచిది, నాణెంతో పాటు దానిని కూడా పంపుతారని రాతపూర్వకంగా ఒప్పించుకోండి.

దళం సంఖ్య విషయంలో జాగ్రత్త అవసరం. రెండు నుంచి ఇరవై మూడు వరకు దళాల నాణేలు ఉన్నాయి, సంఖ్యను బట్టి ధర మారుతుంది. అంకె గద్దకు కుడివైపు కింద ఉంటుంది. రోమన్ ఆరు పక్కన ఇంకో నిలువు గీత అరిగిపోయి ఉంటే అది ఏడు కావచ్చు, ఎనిమిది కూడా కావచ్చు. మీరు పెట్టిన చిత్రంలో వెలుగు పైనుంచి నేరుగా పడుతున్నందువల్ల అక్కడ ఏమీ తేలడం లేదు. పక్కనుంచి ఏటవాలుగా వెలుగు వేసి తీసిన చిత్రం ఒకటి, అంచు చిత్రం ఒకటి, గ్రాముల్లో తూకం అడగండి. అవి వచ్చేవరకు సంఖ్య తెలియని నాణేనికి ఇచ్చే ధర మించి పాడకండి.

మొదటిమెట్టు

ఇప్పుడే విక్రేతకు రాశాను. చిత్రాలు రాగానే ఇక్కడ పెడతాను.